వీడియో గేముల్లో ఆడపాత్రల ఒళ్లు, బట్టలు, కోరికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గేముల్లో ఆడపాత్రల గురించి మాట మొదలైతే చాలు, అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తాయి. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకొచ్చే ఓపిక లేక అన్నిటినీ ఒకచోట చేర్చాను. ప్రశ్నల్ని అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

నా పద్ధతి ముందే చెప్పేస్తే మంచిది. ఒంటి మీద బట్ట ఎంత ఉందన్నది నేను చివర్లో చూస్తాను. కెమెరా ఎక్కడ నిలబడింది, ఆ సమయంలో ఆమె ఏం చేస్తోంది, కథలో ఆమెకంటూ ఒక పని ఉందా అన్నవి ముందు చూస్తాను.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

బొమ్మలే కదా, దీనికి ఇంత చర్చ అవసరమా?

బొమ్మలే. కానీ గేములో ఏదీ దానంతట అది రాదు. నడుము ఎంత ఊగాలి, కెమెరా ఎంత కిందికి దిగాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని అంకెలు వేసి నిర్ణయిస్తారు, ఇంకొకరు చూసి ఓకే అంటారు. పైగా అమెరికా గేమ్ పరిశ్రమ సంఘం చేయించే సర్వేల్లో ఆడేవాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లే. యాభై అరవై గంటల పాటు ఒక పాత్ర వీపు వెనకే నడిచే మనిషికి ఆ పాత్రను ఎలా చూపించారన్నది పట్టకుండా ఎలా ఉంటుంది?

బట్టలు తక్కువుంటే తప్పు, నిండుగా ఉంటే ఓకే. ఇంతేనా మీ లెక్క?

కాదు. మాస్ ఎఫెక్ట్ 2 (2010)లో మిరాండా సంగతి చూడండి. ఒళ్లంతా కప్పిన సూట్ వేసుకుంటుంది, ఎక్స్‌పోజింగ్ అనడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ తన తండ్రి గురించి, చెల్లెలి గురించి మనసు విప్పి మాట్లాడే సన్నివేశాల్లో కెమెరా వెళ్లి ఆమె పిరుదుల వెనక నిలబడుతుంది. ఆమె గొంతులో బాధ ఉంటుంది, తెర మీద సగం మేర ఇంకేదో ఉంటుంది. వినాలా చూడాలా తెలియక ఆడేవాళ్లు ఇబ్బంది పడ్డారు. 2021లో దాన్ని మెరుగుపరిచి లెజెండరీ ఎడిషన్ పేరుతో మళ్లీ తెచ్చినప్పుడు, గేమ్ చేసిన బయోవేర్ వాళ్లు ఆ షాట్లలో కొన్నిటిని మార్చారు. సూట్ అదే, డైలాగు అదే, కెమెరా జరిగిందంతే. సీన్ మొత్తం వేరేలా అనిపిస్తుంది.

మగ పాత్రలూ చొక్కా లేకుండా కండలు చూపిస్తాయి కదా, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

న్యాయమైన ప్రశ్నే. గాడ్ ఆఫ్ వార్‌లో క్రేటోస్‌కి సగం గేమంతా చొక్కా ఉండదు. అయితే ఆ కండలు ఎవరి కోసం గీశారన్నది చూడాలి. కెమెరా అతని భుజాల వెనక, చేతిలో ఆయుధం వైపు ఉంటుంది. ఆడే కుర్రాడికి "నాకూ ఇంత బలం ఉంటే" అనిపించడానికి గీసిన ఒళ్లు అది. ఎవరో అతన్ని చూసి ముచ్చటపడాలని కాదు. ఆడపాత్రకి వచ్చేసరికి చాలా గేముల్లో లెక్క తిరగబడుతుంది. ఆమెలా ఉండాలనిపించడం కంటే ఆమెను చూస్తుండాలనిపించడం ముఖ్యమవుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. ది విచర్ 3 (2015) మొదలయ్యేదే గెరాల్ట్ తొట్టి స్నానంతో, అక్కడ కెమెరాకి అతని మీద సిగ్గేమీ ఉండదు. మరోపక్క, ఆ కండలు చూసి తన ఒంటిని తిట్టుకునే కుర్రాళ్ల బాధా నిజమే. దాని గురించి కూడా మాట్లాడవలసిందే, కాకపోతే ఆడపాత్రల ప్రస్తావన వచ్చినప్పుడు నోరు మూయించడానికి మాత్రమే దాన్ని బయటికి తీసేవాళ్లంటే నాకు చిరాకు.

పాత గేముల్లో ఇవన్నీ లేవు కదా, ఎప్పుడు మొదలైంది?

మొదటి నుంచీ ఉంది. 1982లో మిస్ పాక్‌మ్యాన్ వచ్చింది. గుండ్రటి పసుపు బిళ్లకే రిబ్బను, లిప్‌స్టిక్, బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టి ఆడదాన్ని చేశారు. అది సరదా. అదే ఏడాది అటారీ 2600కి మిస్టిక్ అనే కంపెనీ కస్టర్స్ రివెంజ్ అనే గేమ్ తెచ్చింది. కట్టేసి ఉన్న ఒక ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం చేయడమే అందులో గెలుపు. మహిళా సంఘాలు, అమెరికా ఆదివాసీ సంఘాలు వీధికెక్కాయి.

1986లో వచ్చిన మెట్రాయిడ్ ఈ రెంటి మధ్య చిత్రమైన కేసు. కవచంలో ఉన్న సామస్ ఆడమనిషి అని చివరిదాకా చెప్పరు, ఇంగ్లిష్ మాన్యువల్‌లో మగవాడన్నట్టే రాశారు. గేమ్ వేగంగా ముగించినవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడిదాకా గొప్ప ఆలోచన. కానీ ఎంత తొందరగా ముగిస్తే అంతగా బట్టలు తగ్గుతాయి, గంటలోపు అయితే బికినీ. ప్రపంచాన్ని కాపాడిన మనిషిని చివరి తెర మీద బహుమతి చేసేశారు.

అందరూ లారా క్రాఫ్ట్ పేరే ఎందుకు ఎత్తుతారు?

ఎందుకంటే ఆమెలో రెండు పక్కలా వాదించేంత సరుకుంది. టూంబ్ రైడర్ 1996లో వచ్చింది. ఒంటరిగా గుహల్లో దిగి, పజిళ్లు విప్పి, ఎవరి సాయమూ అడగని కథానాయిక. అప్పటికి చాలా గేముల్లో అమ్మాయి అంటే ఎవరో ఎత్తుకుపోతే హీరో వెళ్లి తెచ్చే వస్తువు. అలాంటి రోజుల్లో ఆమె నిజంగా కొత్త గాలి.

గేమ్ లోపల ఆమె కొన్ని వందల త్రిభుజాలు అతికించిన బొమ్మ. ఛాతీ కూడా మొనదేలిన పిరమిడ్‌లాగే ఉంటుంది. ఆమెను "సెక్స్ సింబల్" చేసింది ఎక్కువగా బయట జరిగిన ప్రచారమే: పోస్టర్లు, పత్రికల కవర్లు, ఆమె వేషం వేసుకుని తిరిగిన మోడళ్లు. ఇంటర్నెట్‌లో ఆమె బట్టలు తీసేసే ప్యాచ్ కూడా తిరిగింది. పాత్రను సృష్టించిన టోబీ గార్డ్ ఆ ప్రచారం తీరు నచ్చక 1997లో ఆ గేమ్ చేసిన కోర్ డిజైన్ కంపెనీని వదిలి వెళ్లిపోయాడు. చేసినవాడి ఉద్దేశం ఒకటి, అమ్మినవాడి ఉద్దేశం మరొకటి అన్నదానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2013 టూంబ్ రైడర్‌లో లారాకి ప్యాంటు తొడిగారు, ఒళ్లు సహజంగా చేశారు. ఇంకేం కావాలి?

చాలా మెరుగైంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గేమ్‌లో లారా ఎలా చనిపోతుందో గుర్తుందా? నది ప్రవాహంలో జారుతున్నప్పుడు ఒక్క క్షణం తడబడితే మొన ఒకటి గొంతులోంచి దూసుకుపోతుంది. ఆమె గిలగిల కొట్టుకుంటుంటే కెమెరా అక్కడే ఆగి చూస్తుంది. గేమ్ విడుదలకు ముందు దాని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, ఆడేవాళ్లకు ఆమెను కాపాడాలనిపిస్తుందని చెప్పి విమర్శల పాలయ్యాడు. మగ హీరో గురించి ఎవరూ ఆ మాట అనరు. ఒంటి మీద బట్ట పెరిగింది గానీ ఆమె ఒళ్లు ఇంకా చూడ్డానికే ఉంది. ముందు అందం కోసం, తర్వాత బాధ కోసం.

మొత్తం మీద తగ్గిందా, పెరిగిందా?

ఆడించగల పాత్రల వరకూ తగ్గింది. 1983 నుంచి 2014 వరకూ వచ్చిన 571 గేముల్లో ఆడించగల ఆడపాత్రల్ని పరిశీలించి 2016లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం, 1990లలో ఈ ధోరణి శిఖరానికి చేరి తర్వాత దిగుతూ వచ్చింది. ఫైటింగ్ గేముల్లో ఎక్కువ, రోల్ ప్లేయింగ్ గేముల్లో తక్కువ. ప్రధాన పాత్రల కంటే పక్క పాత్రల్నే ఎక్కువగా అలా చూపించారని కూడా తేలింది. కథలో పని తక్కువైన చోట ఒంటికి పని పెరుగుతుందన్నమాట.

## పాత్ర తయారయ్యే దశలో

జిగిల్ ఫిజిక్స్ అంటే ఏంటి? అది కావాలనే పెడతారా, లేక ఇంజిన్ వల్ల వస్తుందా?

కావాలనే పెడతారు. 3డీ పాత్ర లోపల ఎముకల గూడు లాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని రిగ్ అంటారు. ఛాతీ ఎముకకు మరో రెండు చిన్న ఎముకలు తగిలించి, వాటికి స్ప్రింగ్ గుణం ఇస్తారు. ఒళ్లు కదిలి ఆగినా అవి కొంచెం ఆలస్యంగా కదిలి, ఊగి, ఆగుతాయి. ఎంత సేపు ఊగాలన్నది డ్యాంపింగ్ అనే అంకె చేతిలో ఉంటుంది. దాన్ని తగ్గిస్తే గాలి నింపిన బెలూన్లలా ఊగుతూనే ఉంటాయి. పెంచితే నిజమైన ఒంటికి దగ్గరగా వస్తుంది. జుట్టుకీ, చెవిపోగుకీ, అంగీ అంచుకీ వాడేది ఇదే పద్ధతి.

కాబట్టి కదలిక ఉండటంలో తప్పేమీ లేదు, అంకె ఎంత పెట్టారన్నదే విషయం. ఫేటల్ ఫ్యూరీ 2 (1992)లో మై షిరనుయి ఊరికే నిలబడి ఉన్నా ఛాతీ ఎగురుతుంటుంది. 1996లో వచ్చిన డెడ్ ఆర్ అలైవ్ దీన్ని ఏకంగా తన గుర్తింపు చేసుకుంది. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ (2020) తయారీలో మాత్రం, పోరాటాల్లో అసహజంగా కనబడకుండా టిఫా అనే పాత్ర ఛాతీని బిగించి కట్టినట్టు చూపించాలని కంపెనీ లోపలి ఎథిక్స్ విభాగమే చెప్పింది. ఎగిరి తన్నే మనిషి స్పోర్ట్స్ బ్రా లాంటిది వేసుకోవడం కామన్ సెన్స్ కూడా.

ఆడవాళ్ల కవచానికి ఛాతీ దగ్గర రెండు గిన్నెలు ఎందుకు ఉంటాయి? అది రక్షణేనా?

రక్షణకు విరుద్ధం. నిజమైన ఛాతీ కవచం ఒకే ఉబ్బుగా, బయటికి వంపు తిరిగి ఉంటుంది. తగిలిన కత్తి పక్కకు జారిపోవాలని ఆ వంపు. రెండు గిన్నెలు పెడితే మధ్యలో లోయ ఏర్పడుతుంది, జారిన కత్తి మొన నేరుగా రొమ్ము ఎముక మీదికి వస్తుంది. కవచం కింద మందపాటి మెత్త తొడుగుతారు కాబట్టి లోపలి ఆకారం బయటికి తెలియనే తెలియదు.

ఇంకా పెద్ద వింత, అదే కవచం మగ పాత్ర తొడిగితే నిండా ఇనుము, ఆడపాత్ర తొడిగితే బికినీ కావడం. చాలా ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో ఇది జరిగింది. డిఫెన్స్ పాయింట్లు మాత్రం ఇద్దరికీ సమానమే!

ఆడపాత్రను చేర్చాలంటే పని రెట్టింపు అవుతుందట, నిజమేనా?

2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీలో ఆడించగల ఆడపాత్ర ఎందుకు లేదని అడిగితే దాన్ని తీసిన యూబీసాఫ్ట్ వాళ్లు చెప్పిన కారణం ఇదే: యానిమేషన్లు, దుస్తులు అన్నీ రెట్టింపు చేయాలి అని. ఆ సిరీస్‌లో పనిచేసిన యానిమేటర్ జొనథన్ కూపర్ వెంటనే, యానిమేషన్ వరకూ అది ఒకటి రెండు రోజుల పని అని బదులిచ్చాడు. పని ఉంటుంది, కాదనను. దుస్తులు, గొంతు, పరీక్షలు అన్నీ ఖర్చే. కానీ ఆడపాత్ర వేరే రకంగా నడవాలి, నడుము తిప్పుతూ పరిగెత్తాలి అని మొదటే అనుకుంటేనే ఆ ఖర్చు కొండంత అవుతుంది. సైనికుడు సైనికుడిలా నడిస్తే చాలు అనుకుంటే చాలా కదలికలు ఇద్దరికీ సరిపోతాయి.

మగ పాత్రల్లో పొట్టి, లావు, ముసలి అన్నీ ఉంటాయి. ఆడవాళ్లంతా ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకుంటారు?

మగ పాత్రను గీసేటప్పుడు "వీడెవడు" అని అడుగుతారు, ఆడపాత్రకి "అందంగా ఉందా" అన్న ప్రశ్న ముందు పడుతుంది. ఓవర్‌వాచ్ (2016)లో కండలు తిరిగిన జార్యా, అరవయ్యేళ్ల స్నైపర్ ఆనా వచ్చినప్పుడు జనం అంత సంబరపడ్డారంటే కరువు ఎంతుందో అర్థమవుతుంది.

## ఆడుతున్నప్పుడు

మెటల్ గేర్ సాలిడ్ 5లో క్వయట్ చర్మంతో ఊపిరి పీలుస్తుంది, అందుకే బట్టలు వేసుకోదు. కథలోనే కారణం ఉంది కదా?

కారణం ముందు పుట్టిందా, బికినీ ముందు పుట్టిందా అన్నది అడగాలి. 2013లో ఆమె డిజైన్ మీద విమర్శలు వచ్చినప్పుడు గేమ్ దర్శకుడు హిదేయో కొజిమా, అసలు రహస్యం తెలిస్తే మీ మాటలకు మీరే సిగ్గుపడతారని ట్విట్టర్‌లో రాశాడు. 2015లో గేమ్ వచ్చాక తెలిసిన రహస్యం: కాలిన ఒంటికి పరాన్నజీవుల చికిత్స చేశారు, ఇప్పుడు చర్మంతోనే ఊపిరి, చర్మంతోనే నీళ్లు.

ఇదే సిరీస్‌లో 2004లో వచ్చిన గేమ్‌లో ది ఎండ్ అనే ముసలి స్నైపర్ ఉన్నాడు. అతని ఒంట్లోనూ సూర్యరశ్మిని శక్తిగా మార్చే పరాన్నజీవులే. తాత మాత్రం నిండా బట్టలు కట్టుకునే అడవిలో కూర్చుంటాడు. సైన్స్ కారణం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, చినిగిన మేజోళ్లు ఒకరికే. పైగా హెలికాప్టర్‌లో ఆమె ఒళ్లు విరుచుకునే భంగిమలకి ఊపిరితో సంబంధం లేదు. పాత్రగా క్వయట్ నాకిష్టమే, ఆమె మౌనం వెనక కథ బలంగా ఉంది. ఆ కథకి కెమెరా మర్యాద ఇవ్వలేదు.

బయోనెట్టా సంగతేంటి? అదీ ఎక్స్‌పోజింగే కదా, కొందరు ఆడవాళ్లే ఆమెను మెచ్చుకుంటారేం?

బయోనెట్టా (2009)లో ఆమె దుస్తులు ఆమె జుట్టుతో అల్లినవే. పెద్ద మంత్రం ప్రయోగించాలంటే ఆ జుట్టు రాక్షసుడిగా మారి వెళ్తుంది, ఒంటి మీద బట్ట పలచబడుతుంది. వినడానికి సాకులాగే ఉంటుంది. కానీ ఆమె ఒయ్యారం పోయేది తన సరదా కోసం, తను గెలుస్తున్నానని తెలిసి. ఎదుటివాళ్లను ఏడిపిస్తుంది, కెమెరాను తనే ఆడిస్తుంది. పాత్రను గీసిన మారి షిమజాకి ఒక మహిళ. అయినా కెమెరా అప్పుడప్పుడు కాళ్ల మధ్య దూరిపోతుందన్న ఫిర్యాదులో నిజముంది. రెండు వాదనలూ నిలబడతాయి. నన్ను అడిగితే, ఆమెకి తన ఒంటి మీద ఉన్న ధీమా ఈ రంగంలో అరుదు, నేను ఆమె పక్షమే.

నియర్ ఆటోమాటాలో స్కర్టు కిందికి కెమెరా తిప్పితే టూబీ తప్పుకుంటుంది. దాని అర్థం ఏంటి?

2017 నాటి ఈ గేమ్‌లో కథానాయిక టూబీని మీరు అలా చూస్తే ఆమె పక్కకు జరుగుతుంది. పదిసార్లు చూస్తే "ఏం చేస్తున్నావ్?" అని అడిగే పేరుతో ఒక ట్రోఫీ వస్తుంది. ఆడేవాడిని పట్టుకున్నట్టూ ఉంటుంది, కన్ను కొట్టినట్టూ ఉంటుంది. దర్శకుడు యోకో తారో ఆ దుస్తుల గురించి అడిగితే పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పలేదు, తనకు అమ్మాయిలంటే ఇష్టం అన్నాడు. క్వయట్‌కి చెప్పిన కారణం కంటే ఈ మాటలో నిజాయితీ ఉంది.

నాకు అలాంటి పాత్రలే నచ్చుతాయి. నేను చెడ్డవాడినా?

కాదు. అందమైన ఒంటిని చూసి ఆనందించడం నేరం కాదు, అమ్మాయిలకీ అలాంటి ఇష్టాలుంటాయి. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ (2021)లో తొమ్మిదడుగులు దాటిన లేడీ డిమిట్రెస్కూ మీద ఆడామగా తేడా లేకుండా జనం మనసు పారేసుకున్నారు. నచ్చిన గేమ్‌లో నచ్చని షాట్ ఒకటుందని ఒప్పుకుంటే మీ ఇష్టానికి వచ్చే నష్టం లేదు.

ఆడపాత్రకి తనకంటూ కోరిక ఉన్నట్టు చూపించిన గేములు ఉన్నాయా?

పెరుగుతున్నాయి. ముందు దీనికి వ్యతిరేక ఉదాహరణ చెప్తాను: ది విచర్ మొదటి భాగం (2007)లో ఏ స్త్రీతో పడుకుంటే ఆమె బొమ్మ ఉన్న కార్డు వస్తుంది, ఏరుకుని దాచుకోవచ్చు. చాలా గేముల్లో ఇప్పటికీ దాని నీడ ఉంది. కానుకలివ్వు, సరైన డైలాగు ఎంచుకో, మీటర్ నిండగానే పడక సీన్. ఆమెకి కావాలా వద్దా అన్న ప్రశ్నే రాదు.

సైబర్‌పంక్ 2077 (2020)లో జూడీకి ఆడవాళ్లంటేనే ఇష్టం. మగ పాత్రతో ఆడుతూ మీరు ఎన్ని మంచి మాటలు చెప్పినా స్నేహం దగ్గరే ఆగుతుంది. అది నాకు భలే నచ్చింది, కాదనే హక్కున్న పాత్రకే అవుననడంలో విలువ. ది లాస్ట్ ఆఫ్ అజ్‌లో ఎల్లీ మొదటి ముద్దు (2014 నాటి అదనపు అధ్యాయంలో) తడబాటుతో, భయంతో, నవ్వుతో ఉంటుంది. చూసేవాళ్లను రెచ్చగొట్టే ఉద్దేశమే కనబడదు. బాల్డర్స్ గేట్ 3 (2023)లో సహచరులే ముందుకొచ్చి అడుగుతారు, అలుగుతారు, తెగదెంపులు చేసుకుంటారు.

బట్టలు తీసేసే మాడ్స్ గురించి ఏమంటారు?

మాడ్స్ అంటే ఆడేవాళ్లే గేముకి చేసుకునే మార్పులు. మీ కంప్యూటర్‌లో ఒక కల్పిత వయోజన పాత్రకి మీరేం తొడిగారన్నది మీ ఇష్టం. 2011లో స్కైరిమ్ వచ్చినప్పటి నుంచీ అదో లోకం. కానీ ఈ మధ్య పాత్రలకి నిజమైన నటుల ముఖాల్నే స్కాన్ చేసి పెడుతున్నారు. అలాంటి చోట బట్టలు తీసేది బొమ్మకా, మనిషికా అన్నది ఆలోచించాలి.

## వాదన ముదిరాక

ఇలాంటి గేములు ఆడితే మగపిల్లలు ఆడవాళ్లను చులకనగా చూస్తారా?

అంత నేరుగా సంబంధం ఉందని రుజువు కాలేదు. జర్మనీలో కొన్నేళ్లపాటు ఒకే జనాన్ని గమనించిన అధ్యయనం (2015లో అచ్చయింది) గేములు ఆడటానికీ, ఆడవాళ్ల పట్ల చిన్నచూపుకీ సంబంధం చూపలేకపోయింది. 2022లో అంతకుముందు పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కకట్టిన విశ్లేషణ కూడా పెద్ద ప్రభావం లేదనే తేల్చింది.

అయితే 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వర్చువల్ రియాలిటీలో ఒక ప్రయోగం చేశారు. శృంగారంగా తీర్చిన అవతార్‌లోకి ప్రవేశించిన ఆడవాళ్లు, మామూలు బట్టలున్న అవతార్‌లోకి వెళ్లినవాళ్ల కంటే తమ ఒంటి గురించి ఎక్కువగా ఆలోచించారు. కాబట్టి "గేమ్ ఆడితే చెడిపోతారు" అనేవాళ్లనీ నమ్మకండి, "ఏ ప్రభావమూ ఉండదు" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాళ్లనీ నమ్మకండి. ఇంకో మాట: హాని రుజువైతేనే విమర్శించాలన్న రూలేమీ లేదు. చెత్తగా రాసిన పాత్రను చెత్తగా ఉందని చెప్పడానికి వైద్య నివేదిక అక్కర్లేదు.

పాత్రల బట్టలు మార్చమనడం సెన్సార్‌షిప్ కాదా?

ఎవరు మార్చారన్నదాన్ని బట్టి. నాలుగు రకాలు కలిపేసి మాట్లాడటం వల్లే ఈ గొడవ తెగదు.

2016లో ఓవర్‌వాచ్‌లోని ట్రేసర్ అనే ఆడపాత్ర గెలుపు భంగిమ ఒకటి, ఆమె చలాకీ స్వభావానికి పొసగడం లేదని, పిరుదులు చూపడానికే ఉందని ఒక ఆటగాడు రాశాడు. దర్శకుడు జెఫ్ కాప్లన్ తమకీ ఆ అనుమానం ఉందని చెప్పి మార్పించాడు. కొత్త భంగిమ కూడా పాతకాలపు పిన్అప్ బొమ్మల ధోరణిలోదే! ఇది సెన్సార్ కాదు, ఎడిటింగ్.

కన్సోల్ కంపెనీ చెప్పినందుకు మారిస్తే అది వ్యాపార ఒత్తిడి. సోనీ లైంగిక దృశ్యాల మీద సొంత నిబంధనలు పెట్టుకున్న సంగతి 2019లో వార్తల్లోకి వచ్చింది. ప్రభుత్వ నిబంధనల కోసం మారిస్తే మూడో రకం. 2022లో గెన్షిన్ ఇంపాక్ట్ నలుగురు ఆడపాత్రలకి మరింత కప్పే దుస్తులు తెచ్చింది చైనా నియమాల వల్లే.

నన్ను ఎక్కువ కంగారుపెట్టేది నాలుగోది. 2025 జూలైలో డబ్బు చెల్లింపుల కంపెనీల ఒత్తిడితో, ఆన్‌లైన్‌లో గేములు అమ్మే స్టీమ్ నుంచి పెద్దల గేములు కొన్నిటిని తీసేశారు, అలాంటిదే మరో సైటు ఇచ్ డాట్ ఐఓలో వేల గేములు వెతికినా కనబడకుండా పోయాయి. వాటిలో నిజంగా దారుణమైనవీ ఉన్నాయి, ఆడవాళ్లే తమ అనుభవాల గురించి తీసిన చిన్న చిన్న గేములూ ఇరుక్కున్నాయి. ఎవరికి మొరపెట్టుకోవాలో కూడా తెలియని చోట జరిగిన నిర్ణయం అది. దాన్నీ, ట్రేసర్ భంగిమనీ ఒకే పేరుతో పిలవడం అన్యాయం.

అబ్బీని, అలోయ్‌ని కావాలనే మగరాయుళ్లలా చేశారు కదా?

ది లాస్ట్ ఆఫ్ అజ్ రెండో భాగం (2020)లో అబ్బీ ఒంటిని కొలీన్ ఫోట్ష్ అనే నిజమైన క్రీడాకారిణిని చూసి తీర్చారు. "ఆడదానికి ఇంత కండ రాదు" అన్నవాళ్లకి అదే జవాబు. కథలో కూడా ఆమె స్టేడియంలో ఉంటూ రోజూ జిమ్ చేసే సైనికురాలు. గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఏ విమర్శా దాన్ని సమర్థించలేదు. హొరైజన్ గేముల కథానాయిక అలోయ్ ముఖం మీద నూగు కనబడిందని గోల చేసినవాళ్లు అద్దంలో దగ్గరగా చూసుకుంటే సరిపోయేది.

సెక్స్ అప్పీల్ ఉంటేనే గేమ్ అమ్ముడవుతుందా?

ఉన్నా అమ్ముడవుతాయి, లేకపోయినా అమ్ముడవుతాయి. స్టెల్లర్ బ్లేడ్ (2024) కథానాయిక ఒంటిని ఒక కొరియన్ మోడల్‌ని స్కాన్ చేసి తీర్చారు, ప్రచారమంతా దాని చుట్టూనే తిరిగింది, గేమ్ బాగా ఆడింది. దాని పోరాట వ్యవస్థ గట్టిది కాబట్టే జనం చివరిదాకా ఆడారని నా నమ్మకం. ఒళ్లంతా తోలు, బొచ్చు కప్పుకున్న అలోయ్ గేములూ కోట్లలో అమ్ముడయ్యాయి. ఆడ కథానాయిక అసలు అమ్ముడుపోదన్న భయం మాత్రం నిజంగా ఉండేది. రిమెంబర్ మీ (2013) చేసిన డాంట్‌నాడ్ వాళ్లను కొన్ని ప్రచురణ సంస్థలు ఆ కారణంతోనే వెనక్కి పంపాయి.

గేమర్‌గేట్ అంటే ఏంటి?

2014లో గేమ్ పత్రికల నిజాయితీ గురించి అంటూ మొదలై, గేముల్లో పనిచేసే, గేముల గురించి రాసే ఆడవాళ్ల మీద వేధింపుగా మారిన గుంపు వ్యవహారం. ఆడపాత్రల చిత్రణ మీద వీడియోలు చేసిన అనీటా సర్కీసియన్ లాంటివాళ్లు ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆమె వాదనల్లో కొన్నిటితో నేను ఏకీభవించను. వీడియోతో విభేదించడానికి ఇంటి అడ్రసు వెతకనక్కర్లేదు.

## ఇంట్లో పిల్లలు ఆడుతుంటే

రేటింగ్ చూస్తే చాలా?

సగం తెలుస్తుంది. అమెరికాలో 1993 సెనేట్ విచారణల తర్వాత 1994లో గేములకి వయసు రేటింగ్ ఇచ్చే ఈఎస్‌ఆర్‌బీ పుట్టింది. యూరప్‌లో ఆ పనికి పెగి ఉంది. అక్షరం లేదా అంకె ఒక్కటే కాకుండా దాని పక్కన ఉండే "సెక్సువల్ కంటెంట్", "పార్షియల్ న్యూడిటీ", "సజెస్టివ్ థీమ్స్" లాంటి మాటలు చదవండి. టీన్, మెచ్యూర్ రేటింగ్ గేముల మధ్య ఆడపాత్రల శృంగార చిత్రణలో తేడా కనబడలేదని పరిశోధకులు తేల్చారు కాబట్టి, టీన్ అనగానే నిశ్చింతగా ఉండకండి. యూట్యూబ్‌లో పావుగంట గేమ్‌ప్లే చూస్తే ఏ గుర్తూ చెప్పనంత తెలుస్తుంది.

గేమ్ మామూలుగానే ఉంది, యాడ్‌లో మాత్రం అసభ్యంగా ఉంది. ఎందుకలా?

క్లిక్ కోసం. 2009లో ఈవోనీ అనే నగరాలు కట్టే గేమ్ యాడ్‌లలో గేముతో ఏ సంబంధమూ లేని స్త్రీల ఫొటోలు వచ్చి నవ్వులపాలైంది. మొబైల్ గేములు ఆ దారినే పట్టాయి. ఉచిత గేముల్లో యాడ్‌లు వేరే కంపెనీల నుంచి వస్తాయి, గేమ్ రేటింగ్ వాటికి పూర్తిగా వర్తించదు. చిన్నపిల్లలకైతే డబ్బిచ్చి యాడ్‌లు లేని గేమ్ కొనడమే నయం.

పిల్లలు పక్కనుండగా నేను ఆడుకోవచ్చా?

బాల్డర్స్ గేట్ 3, సైబర్‌పంక్ 2077 లాంటి వాటిలో నగ్నత్వాన్ని దాచే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది. అది ఒంటిని కప్పుతుందే గాని మాటల్నీ, రక్తాన్నీ కాదు.

## సొంతంగా గేమ్ చేస్తుంటే

అయితే సెక్సీ పాత్ర చేయనేకూడదా?

చేయండి. ఆమెకి ఆ దుస్తులు ఎవరు కొన్నారో, ఎందుకు ఇష్టమో మీకు తెలిసి ఉంటే చాలు. మంచు కొండల్లో తిరిగేటప్పుడు ఆమె కోటు వేసుకోవాలి, భయపడినప్పుడు ఒయ్యారం మర్చిపోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా కూర్చుంటుందో ఒక యానిమేషన్ గీయించండి. ఎవరూ చూడనప్పుడు కూడా నడుము వంచి ఫొటోకి నిలబడినట్టే నిలబడితే, ఆమెను ఇంకా రాయలేదన్నమాట.

నా పాత్ర ఎలా వచ్చిందో పరీక్షించే సులువైన మార్గం ఉందా?

నేను టీములకి చెప్పేది ఒకటుంది. ఆమె యానిమేషన్లనీ, కెమెరా కోణాల్నీ యథాతథంగా మీ గేములోని అతి సీరియస్ మగ పాత్రకి తగిలించి ఒక కట్‌సీన్ ఆడించండి. గడ్డం జనరల్ మరణశయ్య మీదున్న రాజుతో మాట్లాడుతూ నడుము తిప్పి నిలబడి, కెమెరా అతని మోకాళ్ల నుంచి మెల్లగా పైకి పాకిందనుకోండి, గదిలో ఎవరో ఒకరు ఫక్కున నవ్వుతారు. ఎక్కడ నవ్వు వచ్చిందో ఆ షాట్ నంబరు రాసుకోండి. రిగ్ ఒకటే అయితే దీనికి సాయంత్రం సరిపోతుంది. లేకపోతే స్టోరీబోర్డు మీద బొమ్మలు మార్చి చూసుకున్నా పని జరుగుతుంది. ఆ నంబర్ల జాబితా యానిమేటర్ చేతికి కాకుండా ముందు కెమెరా చూసేవాళ్ల చేతికి ఇవ్వండి, చాలావరకూ అక్కడే సరిపోతుంది.